టూ-లెట్ శ్రీధర్ చెప్పిన పాఠం

భిన్నాల నుంచి ముస్లింల దాకా

నా ఉద్యోగంలో ఎక్కువ కాలం పిల్లలకు భిన్నాలు నేర్పే వీడియోలు తయారుచేశాను. చివరి కొన్నేళ్లు పెద్దవాళ్లకు ముస్లింల గురించి నేర్పే వీడియోలు తయారుచేశాను. రెండింట్లో భిన్నాలే సులువు. సగానికీ పావుకీ మనోభావాలు ఉండవు.

నా పేరు మెహరున్నీసా. పుట్టి పెరిగింది శంషాబాద్‌లోనే. మా నాన్న ఊళ్లు తిరుగుతూ వ్యవసాయ బావుల దగ్గర పంపుసెట్లు బాగుచేసేవాడు. నేను తెలుగు మీడియంలో చదువుకున్నాను. ఇందులో ఆదర్శం వెతక్కండి. తెలుగు బడి ఇంటి పక్కన ఉండేది, ఉర్దూ బడికి బస్సెక్కాలి, అంతే.

ఆన్‌లైన్ పాఠాలు తయారుచేసే ఉద్యోగంలోకి ఇప్పుడు చాలామంది కుర్రవాళ్లు వస్తున్నారు. వాళ్లకు ఉద్యోగం ఇచ్చేవాళ్లు సాఫ్ట్‌వేర్ గురించి చెబుతారు, పని గురించి చెప్పరు. పని ఏమిటంటే, తెలియని విషయాన్ని పది నిమిషాల్లో తెలిసినట్టు అనిపించేలా చెయ్యడం. తెలిసినట్టు అనిపించడానికీ తెలియడానికీ మధ్య ఉన్న దూరమే నేను ఇక్కడ రాయాలనుకున్నది.

మా ఆఫీసు బెంగళూరు రోడ్డు మీద ఒక టైల్స్ షోరూం పైన ఉండేది. కిరాయి తక్కువ, కారణం విమానాలు. రికార్డింగ్ గదికి ఎన్ని పరదాలు కట్టినా లాభం లేదు. ఎవరో ఒకరు మంచి మాట చెప్పబోతుండగా నెత్తిమీద నుంచి విమానం పోయేది. "విమానం!" అని అరిచేవాళ్లం, చెప్పేవాళ్లు నోరు తెరిచినవాళ్లు తెరిచినట్టే ఆగిపోయేవాళ్లు. శబ్దం పోయాక చాలామందికి ఏం చెప్పబోయారో గుర్తుండేది కాదు. గుర్తుండని మాట పాఠంలో అక్కర్లేదని నాకు అక్కడే అర్థమైంది.

మా బాస్ ప్రసాదరావు గారిది గుంటూరు వైపు. మనిషి మంచివాడు. ఎవరినీ నొప్పించకూడదన్నది ఆయన సిద్ధాంతం. ఎంత గట్టి సిద్ధాంతమంటే, ఒక్కోసారి ఆయన ఏం మాట్లాడాడో ఎవరికీ అర్థమయ్యేది కాదు.

ఒకరోజు ఆయన మీటింగులో ఒక కొత్త ఆర్డరు గురించి చెప్పారు. విమానాశ్రయం చుట్టుపక్కల గోదాములున్న ఒక సరుకు రవాణా కంపెనీలో, క్యాంటీన్ దగ్గర ఏదో మాటామాటా పెరిగి గొడవైందట. గొడవైతే కోర్సు పెట్టడం పెద్ద కంపెనీల అలవాటు. ముస్లింల జీవితాల గురించి తమ ఉద్యోగులందరికీ ఆన్‌లైన్ కోర్సు కావాలన్నారు.

ఆయన మాట పూర్తయ్యేలోపు గదిలో ఉన్న ఆఫీసు కుర్చీలన్నీ నా వైపు తిరిగాయి. అప్పటిదాకా నేను భిన్నాల మేడంని. ఆ క్షణం నుంచి ముస్లిం మేడంని.

"మెహర్ గారూ, మీకైతే అన్నీ తెలుసు కదండీ," అన్నారు ప్రసాదరావు గారు.

"నాకు మా ఇల్లు తెలుసు సార్," అన్నాను.

ఆయన దాన్ని అంగీకారంగా రాసుకున్నారు.

టోపీ

ఇలాంటి కోర్సుకు మొదట బొమ్మలు వెతుకుతారు. మా డిజైన్ వాళ్లు తెచ్చినవి ఇవీ: చార్మినార్, పావురాలు, బిర్యానీ మీద నుంచి పొగ, బురఖా వేసుకుని ల్యాప్‌టాప్ పట్టుకున్న అమ్మాయి. వెనక సారంగి. నేల నుంచి ఆకాశం దాకా ఆకుపచ్చ రంగు. "బాబూ, నేను ఇన్నేళ్లుగా మీ ఎదురుగా ల్యాప్‌టాప్ పట్టుకునే కూర్చున్నాను, నన్నెప్పుడైనా ఫొటో తీశారా?" అని అడిగాను. మర్నాడు సారంగి శబ్దం కొంచెం తగ్గించారు.

బొమ్మలు కాదు, మనుషులు కావాలని పట్టుబట్టి ఖాజా మియాను తీసుకొచ్చాను. మామిడిపల్లిలో ఆయనకు షామియానాల వ్యాపారం. ఫంక్షన్లకు పరదాలు, కుర్చీలు, గిన్నెలు కిరాయికి ఇస్తాడు. మా నాన్న స్నేహితుడి కొడుకు, నన్ను ఆపా అంటాడు. అక్క అని.

ఖాజా మెడలో తువ్వాల వేసుకుని వచ్చి కెమెరా ముందు కూర్చున్నాడు. ప్రసాదరావు గారు ఆయన్ని అటు నుంచి చూశారు, ఇటు నుంచి చూశారు.

"ఖాజా గారూ, టోపీ పెట్టుకుంటే బాగుంటుందేమోనండీ. చూసేవాళ్లకు అర్థం కావాలి కదా."

"ఏం అర్థం గావాలె సార్?"

"అంటే, మీరు... మీరు ఫలానా అని."

"టోపీ నమాజుకు పెట్టుకుంట సార్. ఎండల గుంజలు పాతేటప్పుడు తువ్వాల కట్టుకుంట. మీరు నా నమాజు మీద తీస్తున్నరా, నా పని మీద తీస్తున్నరా?"

ప్రసాదరావు గారు మంచినీళ్లు తాగి, ఇంకో దారిలో వచ్చారు. "మీరు వినాయక మండపాలకు కూడా పరదాలు కడతారటగా! అది చెప్పండి. మతసామరస్యం."

"కడ్త సార్. మండపానికి కడితే అందరొచ్చి వీడియో తీస్తరు. పెండ్లికి కడితే ఎవ్వరు రారు. నాకు రెండిట్లకు కిరాయి ఒక్కటే. పెండ్లోళ్లే జర ఎక్కువ సతాయిస్తరు."

నేను ఆ మాటను ఉన్నదున్నట్టు ఉంచాను. కోర్సు చూసినవాళ్లలో చాలామంది ఆ వీడియోనే మళ్లీ చూశారని తర్వాత తెలిసింది. ఒకాయన మాత్రం కింద రాశాడు: "వీడియో బాగుంది. కానీ ఇందులో ముస్లిం ఎవరు?"

దీనికి రెండో వైపు కూడా చెప్పకపోతే అన్యాయం. కోర్సు గురించి తెలిసి మా బంధువుల్లో పెద్దవాళ్లు కొందరు ఇంటికొచ్చారు. షామియానాలవాడిని చూపిస్తావా, మన నవాబులు ఏమైపోయారు, మన కవులు, మన కట్టడాలు ఏమైపోయాయి అని కోప్పడ్డారు. మా నాన్న పంపుసెట్లు బాగుచేసిన ఇన్నేళ్లలో ఒక్క నవాబు కూడా వచ్చి స్పానర్ అందించలేదని చెప్పాను. టీ తాగకుండా వెళ్లిపోయారు. మన గురించి బయటివాళ్లు తీసే బొమ్మ ఎంత అబద్ధమో, మనం గోడకు తగిలించుకునే బొమ్మ కూడా దాదాపు అంతే అబద్ధం. ఈ పనిలో ఇద్దరి నుంచీ తిట్లు పడితే మీరు సరిగ్గా చేస్తున్నట్టు. ఒక్కవైపు నుంచే పడుతుంటే మళ్లీ చూసుకోండి.

నస్రీన్

వీడియోల తర్వాత ఒక ప్రత్యక్ష తరగతి పెట్టాలన్నది కంపెనీ కోరిక. ఒక ముస్లింను కూర్చోబెడితే ఉద్యోగులు తమ డెస్కుల దగ్గర్నుంచి స్క్రీన్ మీద ప్రశ్నలు అడుగుతారు. జూలో ఏనుగు దగ్గర నిలబడి మావటిని అడిగినట్టు ఉంటుందేమోనని నా అనుమానం, కాకపోతే ఇక్కడ మావటీ ఏనుగూ ఒకరే.

ఖాజా కూతురు నస్రీన్ అందుకు ఒప్పుకుంది. ఆ అమ్మాయి విమానాశ్రయంలో ఒక కాంట్రాక్టర్ కింద పనిచేసేది. నడవలేని ప్రయాణికులను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి గేటు దాకా తీసుకెళ్లడం ఆమె పని. భర్త యూసుఫ్ ఏసీ మెకానిక్. మొహం చూసి మనిషి ఎలాంటివారో చెప్పేయగలదు, నోరు కూడా చురుకే. ఒకసారి ఒక పెద్దావిడ కుర్చీలో కూర్చుని, "నీ తెలుగు ఎంత బాగుందమ్మా, ఎక్కడ నేర్చుకున్నావు?" అని మెచ్చుకుందట. "మామిడిపల్లిల అమ్మా. మీరు యాడ నేర్చుకున్నరు?" అందట నస్రీన్.

తరగతి రోజు డ్యూటీ దిగి, యూనిఫాంలోనే వచ్చింది. నేను పక్కన కూర్చున్నాను. ప్రసాదరావు గారు కెమెరా వెనక నిలబడి రెండు చేతులూ జోడించి ఉన్నారు. ఎవరికో తెలియదు.

మొదటి ప్రశ్న ఊహించిందే. మీరు రోజూ బిర్యానీ తింటారా?

"రోజు బిర్యానీ ఎవరు వండుతరు సార్? మా ఇంట్ల ఎక్కువ ఖట్టీ దాల్. మీరు దాన్నే పప్పుచారు అంటరు."

ఇంకెవరో అడిగారు, మీ ఆయన నాలుగు పెళ్లిళ్లు చేసుకోవచ్చు కదా, మీకు భయం లేదా అని. ప్రసాదరావు గారు కళ్లు మూసుకున్నారు.

"నా ఒక్కదానికే కిరాయి ఇల్లు దొరుకుతలేదు సార్," అంది నస్రీన్. "నలుగురికి ఆయన యాడ తెస్తడు?"

స్క్రీన్ మీద చిన్న చిన్న గడుల్లో ఉన్న మొహాలన్నీ నవ్వాయి. నిజంగా నవ్వారు. ఈ ఉద్యోగంలో అలాంటి నవ్వు తక్కువ. నేర్చుకునేవాళ్లు సాధారణంగా మనల్ని క్షమిస్తున్నట్టు చూస్తారు. ఇక గట్టెక్కామనుకున్నాను.

అప్పుడు ఒకాయన మైకు పెట్టుకుని మాట్లాడాడు. గడి కింద శ్రీధర్ అని పేరు. గోదాములో సూపర్‌వైజర్.

"అమ్మా, మరి మీవోళ్లు మీ బస్తీలల్లనే ఎందుకుంటరు? అందరితోని కలిసి ఉండొచ్చు గదా? వేరుగ ఉంటేనే గదా ఈ పరేషాన్లన్నీ."

అడిగిన తీరులో వెటకారం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టే ఉంది.

 నస్రీన్ మెడ ముందుకు చాచి స్క్రీన్ వైపు చూసింది.

"సార్, జర కెమెరాకు దగ్గరికి వస్తరా?"

ఆయన వచ్చాడు.

"మీరు తుక్కుగూడల మీది అంతస్తు కిరాయికిచ్చే సార్ కాదా?"

"అవును... ఎందుకమ్మా?"

"పోయిన ఆదివారం నేను, మా ఆయన వచ్చినం సార్. ఫోన్‌ల రమ్మన్నరు. గేటు కాడ పేర్లు అడిగిన్రు. పేర్లు చెప్పంగనే, మా అమ్మ పూజలు చేస్తది, ఆమె ఒప్పుకోదు అన్నరు. సరే, పెద్దమనిషి, ఆమె ఇల్లు ఆమె ఇష్టం అని వాపస్ వచ్చినం. టూ-లెట్ బోర్డు ఇయ్యాల పొద్దుగాల గూడ ఉండె, డ్యూటీకి పోతుంటే చూసిన. మేము బస్తీలల్లనే ఎందుకుంటమో నాకంటె మీకే బాగ తెలుసు గదా సార్."

సరిగ్గా అప్పుడు నెత్తిమీద నుంచి విమానం పోయింది. ఇన్నేళ్లలో మొదటిసారి "విమానం!" అని ఎవరూ అరవలేదు. శబ్దం తగ్గేసరికి శ్రీధర్ గడి నల్లగా ఉంది.

సారీ ఎవరు చెప్పాలి

"ఏమిటండీ మెహర్ గారూ ఇది!" అన్నారు ప్రసాదరావు గారు తలుపు మూసి. "డబ్బులిచ్చి కోర్సు కొనుక్కున్నవాళ్లను మనమే ప్రశ్నిస్తామా?"

"ఆయన అడిగారు, అమ్మాయి చెప్పింది సార్."

"అడిగితే మాత్రం? నిజం చెప్పేయడమేనా?"

ఆ మాట ఆయన నోటినుంచి వచ్చాక ఆయనకే ఎలాగో అనిపించి, కుర్చీలో కూర్చున్నారు. కానీ భయం నిజమే. ఆ సాయంత్రానికే రవాణా కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. మా ఉద్యోగిని అందరి ముందూ అవమానించారు, ఆ అమ్మాయి క్షమాపణ చెప్పాలి, లేకపోతే కోర్సు ఆపేస్తాం అన్నారు. అంతకంటే పెద్ద భయం ఇంకొకటి. నస్రీన్‌ది కాంట్రాక్టు ఉద్యోగం. విమానాశ్రయం చుట్టూ ఉన్న కాంట్రాక్టర్లందరూ ఒకరికొకరు తెలిసినవాళ్లే. ఎవరో ఒకరు ఒక్క మాట అంటే చాలు, మర్నాడు ఆమె గేటు పాస్ పనిచేయదు.

నేను మామిడిపల్లి వెళ్లాను. ఖాజా షెడ్డు ముందు గిన్నెలు తోమిస్తున్నాడు. నన్ను చూసి ఎప్పుడూ లేచి నిలబడేవాడు, ఆ రోజు లేవలేదు.

"ఆపా, నా బిడ్డను కెమెరా ముందల కూసోబెట్టింది నువ్వు. దాని నౌకరికి ఏమన్న అయితే నీ కోర్సు నాకేం పనికొస్తది?"

 లోపల నస్రీన్ బియ్యం చెరుగుతోంది. తల ఎత్తకుండానే మాట్లాడింది.

"సారీ చెప్పుమంటే చెప్త మేడం. నాకు నౌకరి గావాలె. గని దేనికి చెప్పాలె? బోర్డు చూసినందుకా, ఆయన మొఖం గుర్తు పెట్టుకున్నందుకా?"

"ఇప్పుడే ఏమీ చెప్పకు," అన్నాను. "ముందు నన్ను మాట్లాడనీ."

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లు ఒక్కటి గుర్తుంచుకోవాలి. వీడియోలో తన జీవితం చెప్పిన మనిషి, షూటింగ్ అయ్యాక అదే జీవితంలోకి తిరిగి వెళ్లాలి. మనం మాత్రం ఇంకో వీడియోకు వెళతాం. వాళ్లను పిలిచినప్పుడు టీ, బిస్కెట్లతో పాటు ఆలోచించాల్సింది ఇది.

శ్రీధర్ మా ఆఫీసుకు రావడం

నేను వెతుక్కుంటూ వెళ్లే పని తప్పింది. రెండు రోజులకు శ్రీధర్ తనే వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో హెల్మెట్. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మేడం, నన్ను గోదాముల ఏమంటున్నరో ఎరుకనా? టూ-లెట్ శ్రీధర్. లోడింగ్ పోరగాండ్లు గూడ. నేను పోతుంటే ఎనకకెళ్లి ఒకడు ‘అన్నా, బోర్డు తీసినవా?’ అంటడు. మీరు నన్ను సైతాన్‌ను చేసిన్రు."

నవ్వు ఆపుకోవడానికి నేను చాలా కష్టపడ్డాను. టూ-లెట్ శ్రీధర్! మా డిజైన్ విభాగం మొత్తం కలిసినా ఇంత మంచి పేరు పెట్టలేదు.

"మీరు కోర్సు పూర్తిచేశారా?" అని అడిగాను.

"అంతా చేసిన మేడం. పరీక్షల నూటికి నూరొచ్చినయ్!"

ఆ మార్కులు విని నాకే సిగ్గేసింది. ఆ ప్రశ్నలు పెట్టింది నేనే. ఆన్‌లైన్ పరీక్షల రహస్యం చెబుతాను: నాలుగు జవాబుల్లో ఏది పొడుగ్గా, మర్యాదగా ఉంటే అదే సరైనది. పాఠం చూడకుండా పాసవ్వచ్చు. "పొరుగువారి పట్ల వివక్ష చూపడం సరైనదేనా?" అని అడిగితే, అవును అనేవాడు ఈ దేశంలో ఎవడున్నాడు? అందరికీ నూటికి నూరు వస్తాయి. టూ-లెట్ బోర్డు మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

"ఆ పిల్ల కాంట్రాక్టరు నాకు తెలిసినాయనే మేడం," అన్నాడు శ్రీధర్. "ఒక్క ఫోన్ చేస్తే సాలు. చేయలే. నేను గసొంటోన్ని కాదు. గని నా మాట గూడ ఎవరన్న వినాలె గదా! నాకు ముస్లిం దోస్తులు ఉన్నరు. మాది తప్పు బుద్ధి కాదు. ఇంట్ల అమ్మ ఉంటది, ఆమెకు ఇబ్బంది."

ఆయన కళ్లలో కోపం కంటే బాధే ఎక్కువ కనిపించింది. తను మంచివాడినన్న నమ్మకం మీద ఎవరో కాలు వేసినట్టు.

"అయితే మీ మాట చెప్పండి," అన్నాను.

"ఎవరికి?"

"అందరికీ. నస్రీన్ కూర్చున్న కుర్చీలోనే కూర్చోండి. మీవాళ్లు అడుగుతారు, మీరు చెప్పండి."

ఆయన చాలాసేపు హెల్మెట్ అద్దాన్ని పైకీ కిందికీ జరుపుతూ నిలబడ్డాడు. "నా దిక్కు నుంచి చెప్పుకోవచ్చా?"

"ఎంతసేపైనా. కానీ ఆ కాంట్రాక్టరుకు ఫోన్ వెళ్లకూడదు. క్షమాపణ మాట కూడా రాకూడదు."

"వస్త," అన్నాడు.

ప్రసాదరావు గారికి చెబితే లేచి నిలబడ్డారు. "మెహర్ గారూ, ఇది ముస్లింల జీవితాల గురించి కోర్సండీ! ఆయన హిందువు కదా, ఆయన్ని ఏమని అడుగుతారు?"

"ఇల్లు దొరకకపోవడం ముస్లింల జీవితమే కదా సార్. దాని గురించి ఇల్లున్నాయన కంటే బాగా ఎవరికి తెలుసు?"

ఆయన కాసేపు కిటికీలోంచి రోడ్డు వైపు చూశారు. ఎవరూ నొచ్చుకోని దారి ఏదైనా ఉందేమోనని వెతికారు. దొరకలేదు. "కంపెనీవాళ్లతో నేను మాట్లాడతానండీ," అన్నారు చివరికి. మాట్లాడారు కూడా. ఉద్యోగి తనంతట తను వస్తానన్నాక వాళ్లు కాదనలేకపోయారు. ప్రసాదరావు గారి గురించి ఎన్ని వెక్కిరింపులు రాసినా, ఆ ఫోన్ చేసింది ఆయనే అని కూడా రాయాలి.

కుర్చీలో ఇంకొకరు

ఆ తరగతికి పిలవకుండానే జనం వచ్చారు. స్క్రీన్ మీద గడులు పట్టలేదు, పేజీ తిప్పాల్సి వచ్చింది. తిరునాళ్లకు వచ్చినట్టు వచ్చారని నాకు తెలుసు. పరవాలేదు. చదువుకు ఎవరు ఎందుకొచ్చారన్నది ముఖ్యం కాదు.

శ్రీధర్ రాసుకొచ్చింది చదివినట్టు మొదలుపెట్టాడు. తనకు ఏ భేదమూ లేదు. తనకు ముస్లిం స్నేహితులున్నారు. చిన్నప్పటి నుంచి కలిసి తిరిగారు.

గోదాములో లోడింగ్ చూసే ఒకాయన అడిగాడు. "అన్నా, గా దోస్తుల ఇండ్లకు పోయినవా ఎప్పుడన్న?"

"శానసార్లు పోయిన. రంజాన్‌కు పిలుస్తరు. కూసోబెట్టి తినిపిస్తరు."

"మరి వాళ్లు మీ ఇంటికి?"

"వస్తరు."

"లోపటికి?"

శ్రీధర్ ఆగాడు. నేను విమానం కోసం చూశాను. ఆ రోజు ఒక్కటీ రాలేదు.

"గేటు దాక వస్తరు," అన్నాడు. "ఆడనే నిలబడి మాట్లాడుకుంటం."

ఎవరూ నవ్వలేదు. శ్రీధర్ తను చెప్పిన మాటను తనే విన్నట్టు కూర్చున్నాడు. ఇన్నేళ్లుగా ఆ గేటు దగ్గర నిలబడి మాట్లాడిన మనిషికి, తను గేటు దగ్గరే నిలబడి మాట్లాడుతున్నానని అప్పుడే తెలిసినట్టుంది.

ఆ తర్వాత రవాణా కంపెనీ ఆఫీసులో పనిచేసే ఒక అమ్మాయి మెత్తగా అడిగింది. "సార్, మీ అమ్మగారు ఎందుకు ఒప్పుకోరు? ఏమంటారు ఆవిడ?"

"అమ్మ పూజలు..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు. మళ్లీ మొదలుపెట్టాడు. "అమ్మ ఏమంటదంటే..."

నేను ఎన్నో వందల మందిని కెమెరా ముందు కూర్చోబెట్టాను. అబద్ధం చెప్పబోయి, చెప్పడానికి ఓపిక లేక మానేసిన మనిషి మొహం చాలా అలసటగా ఉంటుంది. ఆ అలసట ఆయన మొహంలో చూశాను.

"అమ్మను నేను అడగనే లేదు," అన్నాడు.

"అడగలేదా?"

"ఎన్నడు అడగలే. వచ్చినోళ్లకు అమ్మ పేరు చెప్పి పంపిస్త. పెద్దమనిషి పేరు చెప్తే ఎవ్వరు కొట్లాడరు, మంచిగనే పోతరు. అడిగితే..." ఆయన మెడ వెనక రుద్దుకున్నాడు. "అడిగితే అమ్మ సరే అంటదేమోనని భయం. సరే అంటే ఇగ నాకు ఏం సాకు ఉంటది?"

నేను రికార్డింగ్ ఆపమన్నాను. ఆయన ఆపొద్దన్నాడు. 

ఆ వీడియోను ఆయన అనుమతితో కోర్సులో పెట్టాం. దాని కింద పరీక్ష ప్రశ్నలు పెట్టాలా అని డిజైన్ వాళ్లు అడిగారు. వద్దన్నాను. దానికి నాలుగు జవాబులు రాయడం నాకు చేతకాదు.

నా తర్వాత వచ్చేవాళ్లకు నేను గట్టిగా చెప్పగలిగింది ఇదొక్కటే. ఒక సమూహం కష్టాల గురించి పాఠం అడిగితే, మనం వెంటనే ఆ సమూహం వాళ్లను కుర్చీలో కూర్చోబెట్టి, మీ కష్టం చెప్పండి అంటాం. వాళ్లు చెబుతారు, పాపం, ప్రతిసారీ చెబుతారు. ఆ కష్టానికి అవతలి కొస పట్టుకున్న మనిషి మాత్రం హాయిగా ఇంట్లో కూర్చుని చూసి, నూటికి నూరు తెచ్చుకుంటాడు. ఆయన్ని పిలవండి. తిట్టడానికి కాదు. తిడితే రాడు, వచ్చినా నిజం చెప్పడు. అడగండి, అంతే. శ్రీధర్‌కు ఉన్న ధైర్యం అందరికీ ఉండదు. పోరగాండ్లు పేరు పెట్టి ఏడిపించకపోతే ఆయనకూ వచ్చేది కాదనుకోండి.

తర్వాత

నెల తర్వాత శ్రీధర్ ఫోన్ చేశాడు. అమ్మను అడిగాడట.

"ఏమన్నారు?" అన్నాను.

"ఆ పిల్ల ఏం పని చేస్తది అని అడిగింది మేడం. ఏర్‌పోర్టుల నడవలేనోళ్లను కుర్చీల కూసోబెట్టి తోల్కపోతదని చెప్పిన. ‘నా పేరు చెప్పి గసొంటి పిల్లను ఎల్లగొట్టినావురా’ అని శానరోజులు నాతోని మాట్లాడలే. ఇప్పుడు గూడ అన్నం పెడ్తది గని మాట్లాడది. రమ్మనుండ్రి మేడం వాళ్లను."

నేను నస్రీన్ దగ్గరకు వెళ్లాను. ఆమె ఉద్యోగానికి ఏమీ కాలేదు. మధ్యాహ్నం డ్యూటీ దిగి, స్టాఫ్ బస్సు కోసం ఎండలో నిలబడి ఉంది. అప్పటికే వాళ్లు మామిడిపల్లిలో తండ్రి ఇంటి వెనక రెండు గదులు కిరాయికి తీసుకున్నారు. అడ్వాన్స్ ఇచ్చేశారు, తమ పాపను అక్కడి బడిలో వేశారు. శ్రీధర్ చెప్పిందంతా చెప్పాను. ఇల్లు ఇప్పుడూ ఖాళీగానే ఉందని, వాళ్లను రమ్మంటున్నాడని కూడా చెప్పాను.

"ఇగ ఇల్లెందుకు మేడం, దొరికింది గదా," అంది.

బస్సు వస్తోందేమోనని రోడ్డు వైపు చూసింది. మళ్లీ నా వైపు తిరిగింది. ఏదో లెక్క తేలనట్టు మొహం పెట్టింది.

"ఆ గేటు కాడికెళ్లి వచ్చినప్పటి సంది రోజు తిట్టుకున్న మేడం. ఆయన్ను కాదు, ఆయనేం జేస్తడు పాపం అనుకున్న. ఆ ముసలమ్మనే తిట్టుకున్న. నోటికెంతొస్తే అంత."

బస్సు వచ్చి ఆగింది. నస్రీన్ మెట్టు మీద కాలు పెట్టి, వెనక్కి తిరిగి నవ్వింది. కళ్లలో నీళ్లున్నాయి.

"ఇగ ఆ తిట్లన్నీ వాపస్ తీసుకోవాలె గదా మేడం. ఎట్ల తీసుకోవాల్నో మీ కోర్సుల ఏమన్న ఉన్నదా?"